మంచి హోటల్ చెప్పమంటే ఏం చెప్పాలి? మన ఊళ్ళోనూ, విదేశంలోనూ

ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒకరు అడుగుతారు: "రేపు విజయవాడ వెళ్తున్నాం, తినడానికి మంచి హోటల్ చెప్పండి." కాసేపట్లో పదిహేను పేర్లు వచ్చి పడతాయి. ఒకరు బిర్యానీ అంటారు, ఒకరు టిఫిన్ సెంటర్ అంటారు, ఇంకొకరు ఎప్పుడో మూతపడ్డ హోటల్ పేరు చెబుతారు. అడిగినవాళ్ళు అవన్నీ చూసి, చివరికి బస్టాండ్ పక్కన కనిపించిన చోట తిని వచ్చేస్తారు.

చెప్పేవాళ్ళకి తెలియక కాదు ఇలా అయ్యేది. ఉత్త పేరు చెబితే ఎవరికీ ఉపయోగం ఉండదు. ఆ పేరు ఎవరికి సరిపోతుంది, ఏ పూట వెళ్ళాలి, అక్కడ ఏం తినాలి, ఈ మూడూ కలిస్తేనే అది సిఫారసు. అలా చెప్పడం ఎలాగో, బయటి దేశానికి వెళ్ళినప్పుడు ఏం మారుతుందో చూద్దాం.

ముందు మీరే అడగండి

"మంచి హోటల్ చెప్పు" అని ఎవరైనా అడగగానే పేరు టైప్ చేయకండి. ఎంతమంది వెళ్తున్నారు, అందులో పెద్దవాళ్ళు, చిన్నపిల్లలు ఉన్నారా, ఏ పూట, ఎక్కడ దిగారు, మనిషికి ఎంతలో కావాలి అని అడగండి. వీటన్నిటికంటే ముందు అడగాల్సింది మాత్రం ఒకటుంది: ఏం తినరు?

ఏం తింటారని అడిగితే అందరూ "ఏదైనా పర్లేదు" అంటారు. ఏం తినరని అడిగితే అసలు సంగతి బయటికొస్తుంది. మామయ్య శనివారం నీచు ముట్టరు. అత్తయ్యకి కార్తీకమాసమంతా ఉల్లి, వెల్లుల్లి ఉండకూడదు. తమ్ముడు అయ్యప్ప మాలలో ఉన్నాడు. స్నేహితుడికి హలాల్ అయితేనే కుదురుతుంది. ఇంకొకరికి చికెన్ పర్వాలేదు గానీ అదే వంటింట్లో బీఫ్ వండితే ఇబ్బంది. కొందరికి శాకాహారం ఉంటే చాలదు, మాంసం వండని హోటలే కావాలి. ఈ తేడా తెలుసుకోకుండా చెప్పిన ఎంత గొప్ప హోటలైనా గుమ్మం దగ్గరే ఆగిపోతుంది.

వేరుశెనగ, రొయ్యలు, గ్లూటెన్ లాంటి వాటికి అలర్జీ ఉంటే మాత్రం "అక్కడ ఏం కాదులే" అని మీరు హామీ ఇవ్వకండి. హోటల్ ఫోన్ నంబర్ ఇచ్చి, వంట చేసేవాళ్ళని నేరుగా అడిగి తెలుసుకోమనండి.

మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు వెంట ఉంటే హోటల్ మొదటి అంతస్తులో ఉందా, లిఫ్ట్ ఉందా, బాత్రూమ్ శుభ్రంగా ఉంటుందా అన్నది రుచి కంటే ముందు వస్తుంది. రుచి గురించి అందరం చెబుతాం, బాత్రూమ్ గురించి ఎవరూ చెప్పరు. మీరు చెప్పండి, పిన్ని జన్మంతా గుర్తుపెట్టుకుంటుంది.

పేరుతో పాటు ఐదు సంగతులు

మొదటిది, అక్కడ ఏం తినాలి. ఏ హోటల్లోనూ అన్నీ బాగుండవు. విజయవాడ గాంధీనగర్‌లో బాబాయి హోటల్‌కి వెళ్ళమంటే వెన్న ఇడ్లీ తినమని కూడా చెప్పాలి. చార్మినార్ పక్కన నిమ్రా కేఫ్ అంటే ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్. అక్కడికి భోజనం కోసం వెళ్ళేవాళ్ళు ఉండరు. ఆ సంగతి మీకు తెలుసు, తొలిసారి హైదరాబాద్ వచ్చినవాళ్ళకి తెలియదు.

రెండోది, ఏ బ్రాంచి. దీని దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. హైదరాబాద్‌లో బావర్చి పేరుతో బోర్డులు ఎన్ని ఉన్నాయో లెక్కలేదు. మీరు ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లోదాన్ని మనసులో పెట్టుకుని పేరు మాత్రం చెబితే, వాళ్ళు తమ లాడ్జి పక్కనున్న ఇంకో బావర్చిలో తిని "నువ్వు చెప్పావని వెళ్ళాం" అంటారు. కాకినాడ సుబ్బయ్య హోటల్‌కి ఇప్పుడు వేరే ఊళ్ళలోనూ బ్రాంచీలు ఉన్నాయి. మీరు తిన్నది కాకినాడలోనా, హైదరాబాద్‌లోనా అన్నది స్పష్టంగా రాయండి. పేరుతో పాటు పేట పేరు, దాంతో పాటు మ్యాప్ లింక్. ఈ రెండూ ఉంటే ఇక గొడవ లేదు.

మూడోది, ఎప్పుడు. టిఫిన్ హోటళ్ళు చాలావరకు పొద్దున్నే రద్దీగా ఉండి పదకొండుకల్లా చల్లబడతాయి. మీల్స్ హోటల్లో రెండున్నర దాటితే కూరలు అయిపోయి సాంబారు, మజ్జిగే మిగులుతాయి. వంటకాలకీ కాలముంటుంది. హలీం అసలు జోరు రంజాన్ నెలలోనే. పులస అయితే వానాకాలంలో గోదావరికి వరద నీరు వచ్చినప్పుడు సముద్రం నుంచి ఎదురీదుకుంటూ వచ్చే చేప. సంక్రాంతికి కోనసీమ వెళ్ళే చుట్టాలకి "పులస పులుసు తినకుండా రావద్దు" అని చెబితే, ఎవరో వాళ్ళకి సముద్రంలో పట్టిన మామూలు ఇలస పెట్టి పులస ధర తీసుకుంటారు.

నాలుగోది, డబ్బు. మనిషికి సుమారు ఎంతవుతుంది, యూపీఐ తీసుకుంటారా, ముందుగా టోకెన్ కొనాలా. ఐదోది, అక్కడి తీరు. నిలబడి తినాలా, కూర్చోవచ్చా, వేరేవాళ్ళతో టేబుల్ పంచుకోవాలా, తీరిగ్గా కబుర్లు చెప్పుకునే చోటా, తిని లేచిపోయే చోటా.

ఇదంతా రాస్తే వ్యాసమైపోతుందేమో అని భయపడక్కర్లేదు. ఒక మెసేజ్‌లో సరిపోతుంది:

"పిన్నీ, ఇండియా గేట్ చూశాక మధ్యాహ్నం భోజనానికి అశోకా రోడ్‌లో ఆంధ్రా భవన్ క్యాంటీన్‌కి వెళ్ళండి. వెజ్ థాలీ బాగుంటుంది, అన్నం, పప్పు అడిగినంత వడ్డిస్తారు. బాబాయికి నాన్‌వెజ్ కావాలంటే విడిగా చెప్పుకోవచ్చు. ఒంటిగంటకి జనం ఎక్కువ, పన్నెండున్నరకల్లా చేరండి. ఆదివారం బిర్యానీ పెడతారు, ఆరోజు ఇంకా రద్దీ. తిని లేచేలోపు వెనక ఇంకొకరు నిలబడి ఉంటారు, కంగారు పడకండి, అక్కడ అంతే. లింక్ కింద పెట్టాను."

ఇది చదివిన పిన్ని ఇంకెవరినీ అడగదు.

తిన్నారా, విన్నారా?

మీరు స్వయంగా తిన్నది, మీ ఆఫీసువాళ్ళు చెప్పింది, రీల్స్‌లో చూసింది, ఈ మూడూ ఒకటి కాదు. "నేను తిన్నాను, మొన్న దసరాకి" అనో, "తినలేదు, మా టీమ్‌వాళ్ళు బాగుందన్నారు" అనో ఒక్క ముక్క కలపండి. ఎప్పుడు తిన్నారన్నది కూడా ముఖ్యమే. వంటమాస్టర్ మారితే ఏడాదిలో రుచి మారిపోతుంది. కాలేజీ రోజుల్లో తిన్న చోటుకి ఇప్పుడు చుట్టాల్ని పంపించాలనుకుంటే, ముందు మీరొకసారి వెళ్ళి రండి.

"ఫేమస్" అనే మాట వీలైనంతవరకు వాడకండి. ఫేమస్ అని అందరికీ తెలిసిందే, అందుకేగా మిమ్మల్ని అడుగుతున్నారు. "నేనైతే మళ్ళీ వెళ్తాను" అనేది దానికంటే ఎక్కువ పనికొస్తుంది. నచ్చనిది కూడా చెప్పండి: పెసరట్టు అద్భుతం, కాఫీ మాత్రం బయట తాగండి. ఒక్క లోపం చెబితే మిగతా మెచ్చుకోలు కూడా నమ్ముతారు.

ఎన్ని పేర్లు చెప్పాలి? రెండు. ఒకటి మీ మొదటి ఎంపిక, రెండోది అది మూసి ఉంటే వెళ్ళడానికి. ఆరేడు చెబితే మళ్ళీ ఎంచుకునే పని వాళ్ళ నెత్తినే పడుతుంది.

స్టార్లు చూసే పద్ధతి

సొంతంగా తెలియని ఊరికి ఎవరైనా అడిగితే అందరం రేటింగులే చూస్తాం. సగటు అంకె ఒక్కటే చూసి ఆగిపోకండి. కొత్త రివ్యూలు ముందు వచ్చేలా మార్చుకుని, రెండు మూడు స్టార్లు ఇచ్చినవాళ్ళు ఏం రాశారో చదవండి. ఐదు ఇచ్చినవాళ్ళు "సూపర్" అని వదిలేస్తారు, ఒకటి ఇచ్చినవాళ్ళు కోపంలో ఉంటారు, మధ్యవాళ్ళు విషయం రాస్తారు. బిల్లు కడుతుంటే "ఫైవ్ స్టార్ ఇవ్వండి సార్, స్వీట్ ఫ్రీ" అని అడిగే హోటళ్ళు మనకి తెలిసినవే. ఆన్‌లైన్ రివ్యూల కోసం మన దేశంలో ప్రమాణాల సంస్థ బీఐఎస్ 2022లో ఐఎస్ 19000 అనే ప్రమాణమే తెచ్చిందంటే పరిస్థితి అర్థం చేసుకోవచ్చు. హోటల్ వాళ్ళు పెట్టిన ఫోటోలు పక్కన పెట్టి, తిన్నవాళ్ళు తీసిన ఫోటోలు చూడండి. మెనూ ధరలు కూడా అక్కడే దొరుకుతాయి.

దేశాన్ని బట్టి అంకెల విలువ కూడా మారుతుంది. మనకి నాలుగు కంటే తక్కువ రేటింగ్ అంటే అనుమానం. జపాన్‌లో అక్కడివాళ్ళు ఎక్కువగా చూసే టాబెలాగ్ అనే రివ్యూ సైట్‌లో మాత్రం 3.5 వస్తే మంచి హోటల్ కిందే లెక్క. అక్కడ 3.4 చూసి మొహం తిప్పుకుంటే మంచి భోజనం పోగొట్టుకున్నట్టే.

ఒక్కసారి లిస్టు చేసి పెట్టుకోండి

ప్రతిసారీ కొత్తగా టైప్ చేసే బదులు గూగుల్ మ్యాప్స్‌లో ఊరికో లిస్టు పెట్టుకుంటే పని తేలిక. హోటల్ పేరు తెరిచి "సేవ్" నొక్కి, కొత్త లిస్టు చేసి "వైజాగ్ తిండి" అనో "సింగపూర్ – అమ్మానాన్నలకి" అనో పేరు పెట్టండి. ఒక్కో చోటు దగ్గర నోట్ రాసుకోవచ్చు. పైన చెప్పిన ఐదు సంగతులూ అందులో రాయండి. తర్వాత లిస్టు లింక్ పంపితే చాలు. లింక్ ఉన్నవాళ్ళకే కనిపించాలా, అందరికీ కనిపించాలా అన్నది సెట్టింగ్‌లో చూసుకోండి. మీ ఇంటి అడ్రసు, మీరు దిగిన చోటు అదే లిస్టులో కలపకండి.

విదేశానికి వెళ్తుంటే ఆ ఊరి మ్యాప్ ముందే ఆఫ్‌లైన్‌గా డౌన్‌లోడ్ చేసుకోండి. చైనాలో గూగుల్ పనిచేయదు, కొరియాలో అక్కడివాళ్ళు వాడేది నేవర్ మ్యాప్. అలాంటి చోట్ల హోటల్ పేరు, అడ్రసు అక్కడి లిపిలో ఉన్న స్క్రీన్‌షాట్, హోటల్ ముందుభాగం ఫోటో పంపండి. టాక్సీ డ్రైవర్‌కి చూపించడానికి అంతకంటే మంచి మార్గం లేదు.

విదేశంలో ఏం మారుతుంది

ఇక్కడ ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క, హోటల్ బోర్డు మీద "ప్యూర్ వెజ్" చూసి నడిచిపోతాం. అక్కడ ఆ రెండూ ఉండవు. "వెజిటేరియన్" అన్న చోట గుడ్డు మామూలే. కళ్ళకి కనిపించే కూరగాయల కంటే కనిపించని రసం, సాస్ దగ్గరే జాగ్రత్త కావాలి. అందుకే విదేశంలో ఒక హోటల్ చెప్పేటప్పుడు "వెజ్ దొరుకుతుంది" అని వదిలేయకుండా, ఏ వంటకంలో ఏముంటుందో చెప్పండి.

థాయ్‌లాండ్‌లో కూరగాయల వేపుడులో కూడా చేపల సాస్ పడుతుంది, బొప్పాయి సలాడ్‌లో ఎండు రొయ్యలు ఉంటాయి. అక్కడ పసుపు జెండా మీద ఎర్ర అక్షరం ఉన్న "జే" హోటళ్ళు మనవాళ్ళకి వరం. వాటిలో మాంసం, చేప, గుడ్డు ఉండవు, వెల్లుల్లి, ఉల్లి కూడా వేయరు. ఉల్లి తినని అత్తయ్యని బ్యాంకాక్ తీసుకెళ్తున్నవాళ్ళకి ముందు ఆ జెండా ఫోటో పంపండి. వియత్నాంలో ఫో నూడుల్స్ అంటే మామూలుగా బీఫ్ ఎముకల రసం, కాబట్టి బీఫ్ తినని వాళ్ళకి ఆ మాట ముందే చెప్పాలి. జపాన్‌లో మిసో సూప్, నూడుల్స్ రసం, చివరికి గుడ్డు వంటకాల్లోనూ ఎండు బొనిటో చేపతో తీసిన దాషి ఉంటుంది. రామెన్‌లో పంది ఎముకల రసం మామూలు. అక్కడ పక్కా శాకాహారం కావాలంటే బౌద్ధ ఆలయాల సంప్రదాయంలో వచ్చిన షోజిన్ ర్యోరి ఉంది, కాస్త ఖరీదైనదే గానీ ఒక్క పూటైనా తినదగ్గది. అమెరికాలో మెక్సికన్ హోటళ్ళలో బీన్స్‌లో పంది కొవ్వు, అన్నంలో చికెన్ రసం వేసేవాళ్ళున్నారు, అడిగి తీరాలి. ఇటలీలో పర్మేసన్ జున్ను దూడ కడుపు నుంచి తీసిన, పాలు గడ్డకట్టించే రెన్నెట్‌తో చేస్తారు. ఇది పట్టింపు ఉన్నవాళ్ళకి చెప్పండి, లేనివాళ్ళకి చెప్పి పిజ్జా పాడు చేయకండి.

తినేవాళ్ళకి ఒక కాగితం కూడా సాయపడుతుంది. "మాంసం, చేప, రొయ్యలు, చేపల సాస్, వాటి రసం తినను" అని ఆ దేశపు భాషలో రాయించి ఫోన్‌లో పెట్టుకోమనండి. "ఐయామ్ వెజిటేరియన్" అంటే చేపలు తింటారనుకునేవాళ్ళు చాలా దేశాల్లో ఉన్నారు. అందుకే తినని వాటిని పేరు పేరునా రాయాలి.

వేళలు వేరు. ఫ్రాన్స్‌లో చాలా హోటళ్ళు మధ్యాహ్నం రెండు దాటితే వంటిల్లు మూసేసి రాత్రి ఏడుకి గానీ తెరవవు. స్పెయిన్‌లో రాత్రి భోజనం తొమ్మిదికి మొదలవుతుంది, మన పిల్లలు ఆకలికి అప్పటిదాకా ఆగలేరు. పిల్లలున్న కుటుంబానికి మాడ్రిడ్‌లో హోటల్ చెబుతుంటే, సాయంత్రం ఆరున్నరకి ఏం దొరుకుతుందో కూడా చెప్పాలి.

బిల్లు సంగతీ అంతే. సింగపూర్‌లో మెనూ ధర పక్కన రెండు ప్లస్ గుర్తులుంటే, 10 శాతం సర్వీస్ చార్జీ, ఆపైన జీఎస్టీ కలుస్తాయన్నమాట. అక్కడ 2024 నుంచి జీఎస్టీ 9 శాతం. చిన్న చిన్న తిండి స్టాళ్ళన్నీ ఒకే చోట ఉండే హాకర్ సెంటర్లలో ఈ బాధ ఉండదు, బోర్డు మీద ఉన్నదే ధర. అమెరికాలో కూర్చుని తింటే 18 నుంచి 20 శాతం టిప్పు ఇవ్వడం ఆనవాయితీ, పెద్ద గుంపైతే బిల్లులోనే కలిపేస్తారు, చూసుకోకపోతే రెండుసార్లు ఇచ్చినట్టవుతుంది. జపాన్‌లో టిప్పు ఇవ్వబోతే వెంటపడి మరీ వెనక్కి ఇస్తారు. ఇటలీలో "కోపెర్తో" పేరుతో తలకింత వేస్తారు, అది మోసం కాదు, అక్కడి పద్ధతి. మన దేశంలో మాత్రం హోటళ్ళు సర్వీస్ చార్జీని బిల్లులో వాటంతటవే కలపకూడదని 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ మార్గదర్శకాలు ఇచ్చింది. ఇక్కడికి వచ్చే చుట్టాలకి అది చెప్పవచ్చు.

సింగపూర్ హాకర్ సెంటర్‌లో ఒక స్టాల్ చెప్పాలంటే సెంటర్ పేరుతో పాటు స్టాల్ నంబరు కూడా రాయండి. ఒకే కప్పు కింద పదుల కొద్దీ స్టాళ్ళుంటాయి, ఒక్కోదానికి సెలవు ఒక్కో రోజు. ఖాళీ టేబుల్ మీద టిష్యూ పాకెట్ కనిపిస్తే ఎవరో ఆపి పెట్టుకున్నారని అర్థం, అది తీసేసి కూర్చోవద్దని చెప్పండి.

అమ్మానాన్నలు మీ దగ్గరికి వస్తే

విదేశంలో ఉన్న పిల్లల దగ్గరికి వచ్చిన పెద్దవాళ్ళకి మొదటి వారం అన్నీ వింతే. రెండో వారానికి చారన్నం కావాలి. కాబట్టి కొత్త రుచుల లిస్టు వేరు, మన తిండి లిస్టు వేరుగా పెట్టుకోండి. సింగపూర్ లిటిల్ ఇండియాలో సెరంగూన్ రోడ్ మీద 1947 నుంచి ఉన్న కోమల విలాస్, న్యూజెర్సీ ఎడిసన్‌లో ఓక్ ట్రీ రోడ్, లండన్‌లో ఈస్ట్ హామ్, దుబాయ్‌లో కరామా, కౌలాలంపూర్‌లో బ్రిక్‌ఫీల్డ్స్, ఈ చుట్టుపక్కల దిగితే పెద్దవాళ్ళకి తిండి బెంగ ఉండదు.

గుడి క్యాంటీన్లని మర్చిపోతారు చాలామంది. న్యూయార్క్ ఫ్లషింగ్‌లో గణేశ్ ఆలయం క్యాంటీన్ దోసెలకి పేరు మోసింది. పిట్స్‌బర్గ్ వేంకటేశ్వర ఆలయంలో దర్శనమయ్యాక పులిహోర, దోసె తినొచ్చు. దర్శనం, భోజనం ఒకే చోట అయిపోవడం కంటే నాన్నగారికి నచ్చేది ఇంకేముంటుంది!

విదేశీ సహోద్యోగి మన ఊరికి వస్తే

ఆంధ్రా మెస్‌కి తీసుకెళ్ళాలనిపించడం సహజం. అయితే అక్కడ "కారం తక్కువ" అని చెప్పి లాభం లేదు, కూరలన్నీ పొద్దున్నే వండేసి ఉంటాయి. ఆర్డర్ ఇచ్చాక వండే చోటైతే ఆ మాట పనిచేస్తుంది. మెస్‌కే పంపుతుంటే తినే వరస చెప్పండి: ముందు పప్పు, నెయ్యి, పొడి కొంచెం మాత్రమే, తర్వాత కూర, సాంబారు, చారు, చివర పెరుగన్నం. గోంగూర పచ్చడి, ఆవకాయ వేలి కొసతో రుచి చూడమనండి. చేత్తో తినలేకపోతే చెంచా అడగొచ్చని, మూత తీయని నీళ్ళ సీసా కొనుక్కోమని కూడా చెప్పండి.

తిని వచ్చాక

వాళ్ళు వెళ్ళొచ్చాక "ఎలా ఉంది?" అని మీరే అడగండి. మొహమాటానికి బాగుందంటే, "మళ్ళీ వెళ్తారా?" అని అడగండి, అసలు జవాబు వస్తుంది. ధర మారిందా, ఆదివారం మూసేస్తున్నారా, పైన ఏసీ హాలు పెట్టారా, చెప్పిందంతా నోట్‌లో మార్చుకోండి. వెళ్ళింది మీరే అయితే, చెప్పినవాళ్ళకి తిన్న ప్లేటు ఫోటోతో పాటు ఒక వాక్యం పంపండి: "బావా, నువ్వు చెప్పిన చోటే తిన్నాం, రవ్వ దోసె బాగుంది, పార్కింగ్ లేదు." తర్వాత అడిగేవాళ్ళకి బావ ఆ పార్కింగ్ సంగతి కూడా కలిపి చెబుతాడు. మూతపడ్డ చోట్లు లిస్టులోంచి తీసేయండి. వేరే వీధికి మారినవాటికి పాత లింక్ చెరిపేసి కొత్తది పెట్టండి.